న్యూజెర్సీలో ఇంటి వెనక గదికి వేరియన్స్: బోర్డు ముందు ఏం చూపించాలి

అమ్మానాన్నల కోసం ఇంటి వెనక గది కడదామంటే, 25 అడుగుల సెట్‌బ్యాక్ (స్థలం సరిహద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) ఉండాల్సిన చోట 19 అడుగులే మిగులుతోందని జోనింగ్ ఆఫీసర్ (ఎక్కడ ఎంత కట్టొచ్చో చూసే స్థానిక అధికారి) పర్మిట్ ఇవ్వలేదన్నారు కదండీ. కంగారుపడకండి. న్యూజెర్సీలో ఇలాంటివి ‘సి’ వేరియన్స్ (కొలతల నిబంధనల నుంచి ఇచ్చే సడలింపు) కిందికి వస్తాయి, జోనింగ్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. "నాన్నగారు మెట్లెక్కలేరు" అన్నదాన్నే ప్రధాన వాదన చేసుకోకండి. వినేవాళ్లకు జాలి కలుగుతుంది, కానీ చట్టం చూసేది మనిషి ఇబ్బందిని కాదు, స్థలం ఇబ్బందిని. స్థలం ఇరుకా, లోతు తక్కువా, వాలుగా ఉందా, ఇల్లు మొదట్లోనే బాగా వెనక్కి జరిపి కట్టారా? సర్వే ప్లాన్ తీసి అది చూపించండి. మా స్థలం ఒక మూల కోసేసినట్టు ఉండటమే మమ్మల్ని గట్టెక్కించింది. అలాంటిదేమీ లేకపోతే, దీనివల్ల జరిగే మేలు నష్టం కన్నా ఎక్కువని నిరూపించే రెండో దారి ఉంది. దానికి ప్లానర్ (పట్టణ ప్రణాళిక నిపుణుడు) చేత సాక్ష్యం చెప్పించడం మంచిది.

200 అడుగుల లోపు ఆస్తులున్న యజమానులందరికీ విచారణకు కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, బహిరంగ ప్రకటన కూడా వేయాలి. జాబితా టౌన్‌షిప్ దగ్గరే తీసుకోండి. ఒక్క పేరు జారినా వాయిదా పడొచ్చు. నోటీసు వెళ్లకముందే వెనకింటివాళ్లను కలిసి ప్లాన్ చూపించండి, కాగితం చూసి ఉలిక్కిపడకుండా ఉంటారు.

ఫ్లోర్ ఏరియా రేషియో (స్థలం విస్తీర్ణంతో పోలిస్తే ఇంటి అంతస్తుల మొత్తం విస్తీర్ణం) కూడా దాటుతోందేమో ఆర్కిటెక్ట్‌తో ఇప్పుడే లెక్క వేయించండి. దాటితే అది ‘డి’ వేరియన్స్, 5 ఓట్లు పడితేనే వస్తుంది.