చేప కాలేయ నూనె లెక్కల్లో ‘నిల్వల మార్పు’ సున్నా ఎందుకు?

తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతున్న మీరు అడిగింది ఇది: ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆహార సమతుల్య పట్టికల్లో (ఏడాదిలో ఒక దేశానికి ఒక్కో ఆహార సరుకు ఎంత వచ్చింది, ఎటు పోయిందో చూపే లెక్కలు) చేప కాలేయ నూనె ఎదుట ‘నిల్వల మార్పు’ సున్నా అని ఉంటే, దేశంలో నిల్వే లేదనా?

కాదు. ఆ గడి చూపేది నిల్వను కాదు, ఏడాదిలో దానికి వచ్చిన తేడాను. ఒక దేశం 100 టన్నులు తయారుచేసి, 40 దిగుమతి, 20 ఎగుమతి చేసిందనుకోండి. గోదాముల్లో ఏడాది మొదట్లో 30 టన్నులు, చివర్లో 50 ఉన్నాయి. పెరిగిన 20 టన్నులు వాడకానికి రానట్టే కాబట్టి దేశీయ సరఫరా 100 టన్నులు. నిల్వ తగ్గితే ఆ మేరకు సరఫరాకు కలుపుతారు.

ఇప్పుడు చిక్కు చూడండి. పట్టిక వెయ్యి టన్నుల లెక్కన ఉంటుంది. మన 20 టన్నులు అందులో 0.02, గుండ్రం చేస్తే సున్నా. పైగా ఇలాంటి చిన్న సరుకుల నిల్వలను చాలా దేశాలు విడిగా లెక్కించవు. గాంధీ రోడ్డు మందుల షాపులో దొరికే క్యాప్సూల్ సంగతి మరోరకం. విడి నూనె కస్టమ్స్ సరుకుల వర్గీకరణలో 1504 నంబరు శీర్షిక కింద వస్తుంది, మందుగానో పోషకంగానో ప్యాక్ చేసిన క్యాప్సూల్ వేరే శీర్షికల్లోకి పోతుంది.

ఆ పట్టికలు సరఫరాను కేలరీల్లోనూ చూపుతాయి, కానీ ఈ సరుకును కేలరీలతో తూచడం నాకు అన్యాయమనిపిస్తుంది. దాని విలువ ముఖ్యంగా ఎ, డి విటమిన్లలో ఉంది. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో కాడ్ అనే సముద్రపు చేప కాలేయ నూనె దిగుమతులు దెబ్బతిన్నప్పుడు, అప్పట్లో చిత్తూరు జిల్లా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో సొరచేప కాలేయ నూనె తీశారు. మీ పత్రంలో మాత్రం ఆ సున్నాను ‘లేదు’ అని రాయకండి, ‘ఈ కొలమానంలో కనబడనంత తక్కువ, లేదా లెక్కించలేదు’ అని రాయండి.