రేపు లైన్లో నిలబడేటప్పుడు

చిన్నా,

రేపు మన్మోహన్ సింగ్ గారిని కడసారి చూడటానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. కోచింగ్ క్లాసు మానుకుని మరీ వెళ్తున్నందుకు గర్వంగా ఉంది. ఆ వెంటనే భయం కూడా పట్టుకుంది.

ఢిల్లీలో ఇవాళ పడింది మామూలు వాన కాదట, స్వెట్టర్ మీద రెయిన్‌కోట్ వేసుకో. బ్యాగు వద్దు. ఏఐసీసీ (కాంగ్రెస్ పార్టీ) ఆఫీసులో ఎక్కువసేపు ఉంచరు, దహనానికి నిగమ్‌బోధ్ ఘాట్‌కి తీసుకెళ్లిపోతారు, అందుకని చీకటితోనే బయల్దేరు. దగ్గరికెళ్లాక ఫోన్ తీయకు.

నా భయం వేరే. 1984 నవంబర్ 1న సిక్కు బాడీగార్డులు కాల్చి చంపిన ఇందిరా గాంధీ గారి భౌతికకాయాన్ని తీన్‌మూర్తి భవన్‌లో ఉంచితే నేనూ, నా రూమ్మేటూ వెళ్లాం. లైన్లో అందరూ ఏడుస్తున్నారు. ముందు నుంచి ఎవరో "ఖూన్ కా బద్లా ఖూన్", అంటే రక్తానికి బదులు రక్తమే, అని అరిచారు. మావాడు చీమకైనా హాని తలపెట్టని మనిషి. కళ్లు తుడుచుకుంటూనే పిడికిలెత్తి తనూ అందుకున్నాడు. చెయ్యి పట్టుకుని లాగాను, విదిలించుకున్నాడు. ఆ కేకలు దూరదర్శన్‌లో దేశమంతా వినబడ్డాయి. సాయంత్రం గదికొచ్చేసరికి వీధి చివర సర్దార్జీ సైకిల్ షాపు తగలబడుతోంది. మావాడు రోజూ గాలి కొట్టించుకునేది అక్కడే. మెట్ల మీద కూలబడి "అందరూ అంటుంటే అన్నానురా" అన్నాడు. ఆ అల్లర్లలో ఢిల్లీలో చనిపోయిన సిక్కులు ప్రభుత్వ లెక్క ప్రకారమే 2,733 మంది.

ఆ ఘోరానికి సిగ్గుతో తల వంచుతున్నానని 2005లో రాజ్యసభలో క్షమాపణ చెప్పిన ప్రధాని మన్మోహన్ గారు. నువ్వు వెళ్తున్నది ఆయన దగ్గరికిరా! "అమర్ రహే" అంటే నువ్వూ అను. ఎవరినైనా తిట్టే కేక మొదలైందా, లైన్ వదిలేసి వచ్చెయ్. దర్శనం కాకపోయినా పర్వాలేదు. మాట వినకపోతే మాత్రం ఊరుకోను.

అక్కడ మన పీవీ గారిని కూడా తలుచుకో. 1991లో మన్మోహన్ గారిని ఆర్థిక మంత్రిని చేసింది ఆయనే. 2004 డిసెంబర్‌లో ఆయన భౌతికకాయాన్ని అదే ఏఐసీసీ ఆఫీసు గేటు బయట ఆపేశారు, లోపలికి తీసుకెళ్లలేదు. ఇరవై ఏళ్లయినా నాకా బాధ పోలేదు.

ఖాళీ కడుపుతో వెళ్లకు నాన్నా. తిరుమల క్యూలో కళ్లు తిరిగి పడిపోయావు, గుర్తుందా? బయటికి రాగానే ఫోన్ చెయ్. అత్తయ్య కూడా టెన్షన్ పడుతోంది.

మావయ్య