సంతకం తర్వాత పెట్టిస్తాం, క్లయింట్లను చూడండి అంటున్నారు

ప్రశ్న: కౌన్సెలింగ్ కోర్సు చివరి ఏడాదిలో ఉన్నాను. శిక్షణ కోసం పంపిన కేంద్రంలో నా పని చూసి దారి చూపే లైసెన్సున్న సూపర్‌వైజర్ మానేశారు. కొత్తవాళ్లు వచ్చేదాకా సర్దుకోమనీ, నా శిక్షణ గంటలకు సంతకం తర్వాత పెట్టిస్తామనీ మేనేజర్ అంటున్నారు. నిన్న ఒక క్లయింట్ "చచ్చిపోవాలనిపిస్తోంది" అన్నారు. తప్పుకుంటే వాళ్లను నట్టేట వదిలేసినట్టు, బయటికి చెబితే నా డిగ్రీ ఆగిపోతుందేమోనని టెన్షన్. ఏం చేయను?

జవాబు: ముందు ఆ క్లయింట్ సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. ఈ రోజే మీ కోర్సు బాధ్యులకు ఫోన్ చేయండి. వాళ్లు దొరక్కపోతే లైసెన్సున్న మరొకరికి చేయండి. వచ్చే సెషన్ దాకా ఆగకుండా క్లయింట్‌తో మాట్లాడి సూటిగా అడగండి: ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తోంది, ఎలా చేసుకోవాలో అనుకున్నారా, అందుకు కావలసినవి దగ్గరున్నాయా, ఇంతకుముందు ప్రయత్నించారా? అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది కొత్తవాళ్లు జంకుతారు. ఆ భయం అక్కర్లేదు. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే గోప్యత కోసం ఆగకూడదు, అత్యవసర వైద్య సహాయం పిలవాలి. ఏం అడిగారో, ఎవరిని సంప్రదించారో, ఏం నిర్ణయించారో అదే రోజు నోట్స్‌లో రాయండి.

ఇక సంతకం. మీ పని చూడనివాళ్లు చూసినట్టు సంతకం పెడితే అది తప్పుడు రికార్డు. అందులో మీ పేరు కూడా ఉంటుంది. దయచేసి ఒప్పుకోకండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. మీ వెనక ఒక అనుభవజ్ఞుడు ఉన్నారన్న నమ్మకంతోనే ఆ క్లయింట్లు మీ దగ్గరికి ఒప్పుకుని వచ్చారు. ఇప్పుడు ఆ మనిషి మానేసి వెళ్లిపోయారు, వాళ్లకు ఆ సంగతి తెలియదు. శిక్షణలో ఉన్నవాళ్లు ఆ విషయాన్ని క్లయింట్‌కు ముందే చెప్పాలని అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళి అంటుంది. పరిస్థితి మారితే మళ్లీ చెప్పడమూ అందులో భాగమేనని నేను నమ్ముతాను.

తప్పుకోవడం, వదిలేయడం ఒకటి కావు. చెప్పాపెట్టకుండా మాయమైతే అది వదిలేయడం. కారణం చెప్పి, వేరే కౌన్సెలర్‌ను చూపించి, క్లయింట్ ఒప్పుకుంటే వివరాలు అప్పగించి, వీలైతే చివరిగా ఒకసారి కూర్చుని మాట్లాడితే అది బాధ్యతగా తప్పుకోవడం.

తోటి విద్యార్థులతో మాట్లాడితే మనసు తేలికపడుతుంది, కానీ అది సూపర్‌విజన్ కాదు. వాట్సాప్ గ్రూపులో కేసు వివరాలు అస్సలు పెట్టకండి. సూపర్‌విజన్ కావాలని అడగడం చేతకానితనమూ కాదు. బ్రిటన్‌లో బీఏసీపీ అనే కౌన్సెలర్ల సంఘం గుర్తింపు పొందిన అనుభవజ్ఞులైన కౌన్సెలర్లు కూడా నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తీసుకోవాలి.

డిగ్రీ మాట దాచకుండా చెబుతాను: కొన్ని గంటలు లెక్కలోకి రాకపోవచ్చు, కోర్సు కొంత ఆలస్యం కావచ్చు. అయినా సూపర్‌వైజర్ వెళ్లిపోయిన తేదీ, మేనేజర్ అన్నమాటలు రాసి కోర్సు బాధ్యులకు ఈమెయిల్ పంపండి. తాత్కాలికంగా మీ పని ఎవరు చూస్తారో అందులోనే అడగండి. మేనేజర్‌కూ కాపీ పెట్టండి. జవాబు వచ్చేదాకా కొత్త క్లయింట్లను తీసుకోకండి. వారంలోగా ఎవరినీ ఏర్పాటు చేయకపోతే ఉన్న క్లయింట్లను వేరే కౌన్సెలర్లకు అప్పగించే పని కోర్సు బాధ్యుల సాయంతో మొదలుపెట్టండి.