ఏడు రూపాయలిస్తే ఆరే ఎందుకు కట్టాడు?

ప్రశ్న: మాది కోదాడ దగ్గర పల్లె. అప్పట్లో మాది పటేళ్ల ఇల్లు. మా నానమ్మ తన పెళ్లి "పోలీస్ యాక్షన్ అయినంక రెండో ఎండకాలం" అంటుంది. పెళ్లి బట్టలకు జగ్గయ్యపేట పోయారట. "మా నాయిన ఏడు రూపాయలిస్తే షావుకారి ఆరే కట్టిండు, ముంచిండు" అని ఇప్పటికీ తిడుతుంది. ఆధార్‌లో ఉన్న వయసుకూ ఈ లెక్కకూ పొంతన లేదని మా నాన్న కొట్టిపారేస్తారు. ఇలాంటి కబుర్లతో ఊరి చరిత్ర రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట జిల్లా

జవాబు: ముందు ఆ షావుకారిని తిట్టడం మాన్పించండి. గజం దగ్గర ముంచాడేమో గానీ, రూపాయి దగ్గర ముంచలేదు. మీ కోదాడ ఉన్న నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. జగ్గయ్యపేట మద్రాసు రాష్ట్రంలోది. అక్కడ చెల్లేది కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు, అదీ మారకం. బజారులో కాస్త అటూ ఇటూ అయ్యేది. మీ ముత్తాతకు ఆయన కట్టింది సరైన లెక్కే. మీ నానమ్మ అది మోసమనుకుంది గానీ, అంకెలు మాత్రం డెబ్భై ఏళ్లు దాటినా తప్పలేదు చూశారా!

ఇంట్లో పాత వెండి రూపాయి ఉంటే తీసి చూడండి. ఉస్మాన్ అలీఖాన్ కాలంనాటిదైతే దానిమీద చార్మినార్, ఆ చార్మినార్ ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తాయి. దాన్ని ఆమె చేతిలో పెట్టి అడగండి, ఉత్తినే అడిగినదానికంటే చాలా చెబుతుంది.

ఇక సంవత్సరం. పోలీస్ యాక్షన్, అంటే హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం వచ్చింది, 1948 సెప్టెంబర్‌లో. మొదటి ఎండాకాలం 1949, రెండోది 1950. ఇంత తేలిగ్గా తేలేదానికి మీ నాన్నగారు ఆధార్‌ను ఎందుకు నమ్ముతున్నారో! ఆ కార్డుల్లో మన పెద్దవాళ్లలో చాలామంది జనవరి 1నే పుట్టారు. దానికంటే తాతగారి బడి సర్టిఫికెట్ దొరుకుతుందేమో వెతకండి. అందులో ఫసలీ (నిజాం సర్కారు లెక్కల్లో వాడిన) సంవత్సరం ఉంటే 590 కలపండి. 1350 ఫసలీ అంటే 1940 అక్టోబర్ నుంచి 1941 అక్టోబర్ దాకా. భూముల మాట వస్తే 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ పొలం ఎవరి పేరున ఉందో చూపే సర్కారు రికార్డు, తెప్పించి సరిచూసుకోండి. పొలం ఎవరి పేరున ఉండేదన్న విషయంలో మాత్రం ఎవరి జ్ఞాపకాన్నీ ఒంటరిగా నమ్మకండి, మీ ఇంట్లోవాళ్లదైతే అసలే వద్దు.

"ఏ సంవత్సరం" అని అడిగితే పెద్దవాళ్లు బెదిరిపోతారు. "చీరకెంత పెట్టారు? బండి ఎవరు కట్టారు? తిరిగొచ్చేటప్పుడు కరోడ్‌గిరీ నాకా దగ్గర ఆపారా?" అని అడగండి. నిజాం రాజ్యం సుంకం వసూలు చేసే శాఖ అది. సరిహద్దు దాటి తెచ్చిన బట్టల మూటను విప్పించేవాళ్లు. ఆ మూటను ఎలా దాటించారో మీ నానమ్మకు గుర్తుంటే ఒక పేజీ అక్కడే వస్తుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. మీ ప్రాంతంలో దొరలు, పటేళ్ల పెత్తనం మీద సాగిన సాయుధ పోరాటం 1951 అక్టోబర్‌లో గానీ విరమించలేదు. అంటే అది నడుస్తుండగానే ఒక పటేల్ ఇంట్లో పెళ్లి పందిరి లేచింది. ఊళ్లోనే చేశారా, బంధువుల ఊరికి తరలిపోయి చేశారా? బాజాలు మోగాయా? ఇవి నానమ్మను అడగండి. ఆ పెళ్లికి కట్టెలు కొట్టిందీ నీళ్లు మోసిందీ ఎవరో, వాళ్ల ఇళ్లకూ వెళ్లండి. కూలి ఇచ్చారా, వెట్టేనా అన్నది మీ ఇంటివాళ్లు చెప్పేదొకటి, వాళ్లు చెప్పేదొకటి కావచ్చు. రెండూ రాయండి, మీరు తీర్పు చెప్పకండి. రజాకార్ల ప్రస్తావన వచ్చి ఎవరైనా మాట ఆపేస్తే, అక్కడితో ఫోన్ రికార్డింగ్ కట్టేసి టీ అడగండి. ఇంకో రోజు వాళ్లే మొదలుపెడితే అప్పుడు వినండి. పేర్లు అచ్చువేసే ముందు మాత్రం అవతలి ఇంటివాళ్ల అనుమతి తప్పకుండా తీసుకోండి.