బట్టల ముచ్చట: పసుపు మరకలు, బోరునీళ్లు, డ్రై క్లీనింగ్

ప్రశ్న: పెండ్లిలో నా గద్వాల చీర మీద పసుపు పడ్డది. సబ్బు పెట్టి రుద్దితే ఎర్రగా అయింది. చీర ఖరాబైనట్టేనా? – ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: కాలేదు. పసుపులోని కుర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. బట్టల సబ్బు, సర్ఫు రెండూ క్షారాలే. హారతి పళ్లెంలో పసుపునీళ్లకు సున్నం కలిపితే ఎర్రనీళ్లు అయ్యేది కూడా ఇందుకే. గ్లాసు చల్లనీళ్లలో చెంచాడు తెల్ల వెనిగర్ కలిపి, ఆ నీళ్లు మరక మీద అద్దండి. ఎరుపు పోయి మళ్లీ పచ్చగా అవుతుంది. జరీకి మాత్రం తగలనీయొద్దు. తర్వాత మంచినీళ్లతో అద్ది వెనిగర్ తీసేయండి.

ఇక మిగిలింది పచ్చ మరక. కుర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, అందుకే ఎంత ఉతికినా కదలదు. స్పిరిట్‌లో కరుగుతుంది. మరక కింద తెల్లని నూలుగుడ్డ మడతపెట్టి పరిచి, పైనుంచి దూదితో సర్జికల్ స్పిరిట్ అద్దాలి. మరక చివరల నుంచి మధ్యకు రావాలి, రుద్దొద్దు. కింది గుడ్డ పచ్చబడ్డకొద్దీ మడత మార్చండి. చీర రంగు కూడా స్పిరిట్‌కు దిగొచ్చు కనుక ముందుగా లోపలికి దోపుకునే చోట ఒక చుక్క వేసి చూడండి. పొయ్యి దగ్గర ఈ పని వద్దు.

అప్పటికీ లేత పచ్చదనం ఉంటే ఎండే మందు. కుర్కుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. అయితే చీరంతా ఎండేస్తే చీర రంగూ వెలుస్తుంది. మరక ఒక్కటే బయటికి ఉంచి మిగతాది గుడ్డతో కప్పి, పొద్దుటి ఎండలో గంటసేపు ఉంచి చూడండి. పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టొద్దు. మరక పట్టు అంచు మీదో కొంగు మీదో పడితే ఇవేవీ చేయకుండా డ్రై క్లీనింగ్‌కు ఇవ్వడమే మంచిది.

గద్వాల చీరను బకెట్‌లో నానబెట్టే అలవాటుంటే మానుకోండి. నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటి పోగులను మగ్గం మీదే ఒకదానితో ఒకటి మెలేసి కలుపుతారు. తడిస్తే నూలు కుదించుకున్నంతగా పట్టు కుదించుకోదు. నానబెట్టి పిండితే ఆ కలిసిన చోట ముడతలు పడతాయి, ఇస్త్రీకి కూడా ఒక పట్టాన పోవు.

ప్రశ్న: మాది బోరునీళ్లు. తెల్ల అంగీలు పచ్చబడుతున్నయి. బ్లీచింగ్ వేస్తే ఇంకా ఎక్కువైంది. ఇది ఫ్లోరైడ్ పనేనా? – ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

జవాబు: ఫ్లోరైడ్ పండ్లను, ఎముకలను చెరుపుతుంది గానీ బట్టకు రంగు పట్టించదు. మీరు చెప్పేది ఇనుము మరకలా ఉంది. బిందెలో పట్టిన నీళ్లు పొద్దటికల్లా ఎర్రగా మారితే ఇక అనుమానం అక్కర్లేదు. బ్లీచింగ్ ఆ కరిగిన ఇనుమును తుప్పుగా మార్చి దారంలోనే నిలబెడుతుంది, అందుకే ఎక్కువైంది.

ముందు బ్లీచింగ్ జాడ లేకుండా బాగా జాడించండి. ఇది ముఖ్యం. బ్లీచింగ్, పులుపు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరికి ప్రమాదం. తర్వాత ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, అరగంట నానబెట్టి, మూడుసార్లు జాడించండి. ఇది తెల్ల నూలు బట్టలకే. ఆఖరి జాడింపుకు మిషన్ భగీరథ నీళ్లు వాడితే మళ్లీ పచ్చబడటం తగ్గుతుంది. బట్ట బూడిదరంగు తేలితే అది వేరే సంగతి: గట్టి నీళ్లలోని కాల్షియంతో సబ్బు కలిసి తెట్టులా దారానికి అంటుకుంటుంది. అప్పుడు సబ్బు ఇంకా రుద్దితే తెట్టు పెరుగుతుందే తప్ప తెలుపు రాదు.

ప్రశ్న: డ్రై క్లీనింగ్ నుంచి వచ్చిన కోటు మీద ఇచ్చేటప్పుడు లేని గోధుమరంగు మచ్చ ఉంది. షాపాయనదే తప్పా? – మహబూబ్‌నగర్

జవాబు: సగమే. తీపి సోడాలాంటిది ఒలికి ఆరితే ఏమీ కనిపించదు. డ్రై క్లీనింగ్‌లో వాడేది నీళ్లు కాదు, ద్రావకం. అది నూనెను, జిడ్డును కరిగిస్తుంది కానీ చక్కెరను, చెమట ఉప్పును అంతగా కదిలించలేదు. మిగిలిన చక్కెర ఇస్త్రీ వేడికి మాడి రంగు తేలుతుంది. ఏం ఒలికింది, ఎప్పుడు ఒలికింది చెప్పి ఇస్తే వాళ్లు ముందే ఆ చోటును నీళ్లతో శుభ్రం చేస్తారు. అడగకుండా తీసుకునే షాపు కంటే అడిగి, మరక చుట్టూ దారంతో గుర్తు పెట్టుకునే షాపు మేలు. మీ కోటును మళ్లీ చూపించండి, పాత మచ్చ కాకపోతే చాలావరకు పోతుంది. ఇంట్లో 'పెట్రోల్ వాష్' ప్రయోగం మాత్రం వద్దు. ఆ ఆవిరి నేలబారున పాకి, పక్క గది పొయ్యి నుంచైనా అంటుకుంటుంది.

ప్రశ్న: పోచంపల్లి దుపట్టా రంగు దిగకుండా ఉప్పునీళ్లలో నానబెట్టాలా? – భువనగిరి

జవాబు: ఉప్పు అద్దకం అప్పుడు పనికొస్తుంది, అయిపోయాక రంగును కట్టేయదు. తడి తెల్లగుడ్డతో మూల నొక్కి చూడండి. రంగు అంటితే మొదటి మూడు నాలుగు ఉతుకులు చల్లనీళ్లలో, విడిగా, ఐదు నిమిషాల్లో ముగించి, నీడలో పరిచి ఆరేయండి. తడిగా మడిచి పెడితే ఎరుపు తెలుపులోకి దిగుతుంది.