ఎక్కాలు వచ్చు, లెక్కే రాదు

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. ఎక్కాలు గడగడా అప్పజెబుతాడు. మధ్యలోంచి ఏడెనిమిదులు ఎంత అంటే మాత్రం ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి వేళ్లు మడుస్తూ వస్తాడు. భాగహారమైతే కాగితం లేనిదే కదలడు. ఇరవయ్యో ఎక్కం దాకా బట్టీ పట్టిస్తే బాగుపడతాడా?
– ఒక తల్లి

జవాబు: ఇరవై సంగతి తర్వాత చూద్దామండీ, ముందు పదిలోపువి గట్టిపడాలి. మీవాడికి ఎక్కం పాటలా వచ్చు, పాటను మధ్యలోంచి అందుకోమంటే ఎవరికైనా కష్టమే.

నిజానికి నేర్వాల్సింది కొంచెమే. 1, 2, 5, 10 ఎక్కాలు అంత ఇబ్బంది పెట్టవు. మిగిలిన 3, 4, 6, 7, 8, 9లను వాటిలో వాటితోనే గుణిస్తే, 7×8 అన్నా 8×7 అన్నా ఒకటే కాబట్టి, మొత్తం 21 లెక్కలే! వాటిని చిన్న కార్డుల మీద రాసి, కలిపేసి, రోజూ ఓ ఐదు నిమిషాలు అడగండి. గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చోవద్దు, టెన్షన్‌లో తెలిసింది కూడా నోటికి రాదు. 7×8 తట్టకపోతే మళ్లీ మొదటికి పోకుండా పక్కనున్న తెలిసినదాన్ని పట్టుకోమనండి: ఏడేళ్లు 49, ఇంకో ఏడు కలిపితే 56.

చెప్పగానే కార్డు తిరగేసి, 56లో ఏడులు ఎన్ని అని అడగండి. భాగహారం అంటే ఇదే, కానీ మనం దాన్ని వేరే పాఠంలా చెప్పి పిల్లల్ని భయపెడతాం.

పెద్ద సంఖ్యలకు వచ్చాక ఒక అలవాటు మార్చాలి. కాగితం మీద ఒకట్ల స్థానం నుంచి గుణిస్తాం, మనసులో చేసేటప్పుడు పదుల నుంచి మొదలుపెడితేనే తేలిక. 46×7 అంటే 40 ఏడులు 280, ఆరేళ్లు 42, మొత్తం 322. 18×7 అయితే 20 ఏడులు 140 అనుకుని, ఎక్కువైన రెండు ఏడులు, అంటే 14, తీసేస్తే 126. భాగహారంలోనూ అంతే, 91ని 7తో భాగించాలంటే 70, 21గా విడగొట్టుకుంటే పది, మూడు, 13. నాలుగుతో భాగించాలంటే రెండుసార్లు సగం చేస్తే చాలు: 156, 78, 39. ఇలాంటి కిటుకులు ఇంకా బోలెడున్నాయి గానీ అన్నీ ఒకేసారి కుమ్మరించకండి, ఏది ఎప్పుడు వాడాలో తెలియక తికమకపడతాడు.

జవాబు సరిగ్గా చెప్పినా 'ఎలా చేశావురా?' అని అడుగుతూ ఉండండి. వేళ్లు మడుస్తున్నాడని మాత్రం కసరకండి, ఆ 21 గట్టిపడేకొద్దీ వాటి అవసరం తగ్గుతుంది.