చంపిన జాంబీ మళ్లీ లేస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నింటెండో స్విచ్‌లో ‘రెసిడెంట్ ఈవిల్’ ఆడుతున్నాను, జిల్ పాత్రతో. కాల్చి పడేసిన జాంబీలు ఆ తర్వాత ఎర్రబడి లేచి పరుగున మీదికొస్తున్నాయి. గుళ్లు చాలడం లేదు.
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు ఆడుతున్నది 1996 నాటి ఆట కాదు. 2002లో గేమ్‌క్యూబ్ కోసం మళ్లీ తయారుచేసిన రూపం. శవాలు లేవడం అందులోనే చేర్చారు. తల పేలిపోని, తగలబెట్టని శవం కొంతసేపటికి ‘క్రిమ్సన్ హెడ్’ అవుతుంది. అందుకే చంపే ముందు లెక్క వేసుకోవాలి. ఒకసారి నింపిన కిరోసిన్ రెండు శవాలకే వస్తుంది. పైగా సామాను పెట్టుకునే గడుల్లో కిరోసిన్ డబ్బాకో గడి, లైటర్‌కో గడి పోతే జిల్‌కున్న ఎనిమిదిలో మిగిలేవి ఆరే. జిల్‌కు బదులు ఎంచుకోగల మరో పాత్ర క్రిస్‌కు లైటర్ గడి తీసుకోకుండా విడిగా ఉంటుంది కానీ అతనికి ఉన్నవే ఆరు గడులు. కాబట్టి పదేపదే తిరిగే వరండాల్లో పడ్డవాటినే తగలబెట్టండి. వెడల్పాటి గదుల్లో జాంబీని ఒక పక్కకు రప్పించి, రెండో పక్కనుంచి దాటిపోండి. గుండు ఖర్చు లేదు, శవం బెడదా లేదు. షాట్‌గన్ దొరికాక జాంబీ బాగా దగ్గరికొచ్చేదాకా ఆగి, గురి పైకెత్తి పేల్చండి. తల ఎగిరిపోతే ఇక లేవదు. కింద పడగానే నేల చూడండి: నెత్తురు మడుగు కట్టకపోతే అదింకా చావలేదు, కాలు పట్టుకుంటుంది.

ప్రశ్న: ఇదే ఆటలో కెమెరా మారగానే పాత్ర వెనక్కి తిరిగిపోతోంది. ఎందుకు?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: కొత్త తరహా కంట్రోల్‌లో స్టిక్ దిశ కెమెరాను బట్టి ఉంటుంది. దృశ్యం మారినా స్టిక్ వదలకుండా పట్టుకుంటే పాత్ర అదే దారిన పోతుంది. వదిలి మళ్లీ నొక్కితేనే తిరగబడుతుంది. పాత తరహాలో పై బాణం అంటే ఎప్పుడూ పాత్ర చూస్తున్న వైపు ముందుకే. ఒక గంట విసుగొస్తుంది, అలవాటయ్యాక ఇరుకు వరండాల్లో దానికి మించింది లేదు. చేతిలో పట్టుకుని ఆడే చిన్న మోడల్ స్విచ్ లైట్‌కు ప్లస్ ఆకారపు బటన్ ఉంది కనుక దానిమీద ఇంకా సులువు.

ప్రశ్న: ఈ ఆటలో టైప్‌రైటర్ దగ్గర సేవ్ చేయడానికి ఇంక్ రిబ్బన్ ఎందుకు ఖర్చు చేయాలి? స్విచ్‌ను స్లీప్‌లో పెడితే చాలదా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చాలదు. స్లీప్ అంటే ఆగడమే, సేవ్ కాదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయినా, ఇంట్లో ఎవరైనా వేరే ఆట తెరిచినా, చివరిసారి టైప్‌రైటర్ దగ్గర సేవ్ చేసిన చోటికే వెళతారు. ముఖ్యమైన తాళంచెవి దొరికిన వెంటనే ఒక రిబ్బన్ వాడేయండి.